బేస్తవారం బర్రె

ఆ పుస్తకంలో కాగితమే లేదు, అన్నీ అట్టలే. ఏడు అట్టలు, ఏడు వారాలు, ఏడు జంతువులు. నాయన పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించే పని చేసేవాడు. పెట్టెల్లో పలకల మధ్య పెట్టగా మిగిలిన అట్టముక్కల్ని సాయంత్రం ఇంటికి తెస్తే అమ్మ వాటితో పొయ్యి అంటించేది. అందులోంచి ఏడు ముక్కలు తీసుకుని స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీశాను. నాయన అంచుల్లో బెజ్జాలు పొడిచి, పురికొసతో కట్టి ఇచ్చాడు. నేను రాసింది ఏదైనా ఎవరికైనా పనికొచ్చిందంటే అదొక్కటే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మాది తర్లుపాడు అవతల చిన్న ఊరు. అక్కణ్ణుంచి రోజూ బస్సులో మార్కాపురం వచ్చి డిగ్రీ చదివేదాన్ని. ఊళ్లో డిగ్రీ దాకా పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఆయన అంటాడు. అననీ.

నాకంటే మూడేళ్లు చిన్నది నా చెల్లెలు. పుట్టినప్పుడు ఊపిరాడక నల్లబడిపోయిందట. మంత్రసాని కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి వీపు మీద కొడితే గానీ ఏడవలేదట. నడక ఆలస్యం, మాట ఆలస్యం. బడికి రెండేళ్లు పంపితే అ, ఆల దగ్గరే ఆగిపోయింది. ఎక్కడెక్కడి పిల్లలో మా నాయన బిగించిన పలకల మీద అక్షరాలు దిద్దుకున్నారు. ఆయన సొంత కూతురు మాత్రం పలకను నాకి, ఉమ్మితో తుడిచి, మళ్లీ నాకేది.

అమ్మకు చదువు లేదు గానీ చెల్లెలి సంగతి బాగా తెలుసు. రెండు పనులు ఒకేసారి చెబితే రెండూ పోతాయి. అందుకని రోజుకు ఒకే పని. సోమవారం బట్టలు. మంగళవారం బియ్యంలో రాళ్లు ఏరడం. బుధవారం రోట్లో దోసెల పిండి రుబ్బడం. శుక్రవారం గడప కడిగి పసుపు రాయడం. శనివారం చింతపండుతో ఇత్తడి చెంబులు తోమడం. ఆదివారం బూజు దులపడం. వారం వారం దులిపేంత బూజు ఆ రెండు గదుల ఇంట్లో ఎక్కడిదని అడక్కండి. ఏమీ లేని మూలకు చెయ్యి చూపించి, "అద్దో, ఆడ ఉండాది సూడు" అనేది అమ్మ. చెల్లెలు పోయి ఆ మూలంతా దులిపి, "పోయింది" అని వచ్చేది.

ఇక మిగిలింది గురువారం. మా వైపు దాన్ని బేస్తవారం అంటారు. బేస్తవారిపేట అని ఊరే ఉంది మాకు. కాలేజీలో చేరిన కొత్తలో నేను బేస్తవారం అంటే గుంటూరు వైపు నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన నవ్వి, "గురువారం అనాలమ్మా" అన్నాడు. "బృహస్పతి వారమే అరిగి బేస్తవారమైంది సార్. మీ గురువూ మా బృహస్పతీ ఒకడే. మీరు బిరుదుతో పిలుస్తారు, మేము పేరు పెట్టి పిలుస్తాం, అంతే తేడా" అన్నాను. ఆ పూట క్లాసు బయట నిలబడ్డాను.

ప్రతి బేస్తవారం పక్క ఊళ్లో సంత. అమ్మ పొద్దున్నే గంప ఎత్తుకుని పోతే చెల్లెలికి పని చెప్పేవాళ్లుండరు. వీధి గుమ్మంలో కూర్చుని, నోరు తెరుచుకుని, అమ్మ వచ్చేదాకా దారి చూస్తుండేది. నేను కాలేజీ బస్సు ఎక్కేటప్పుడు ఎట్ల కూర్చుని ఉండేదో, సాయంత్రం దిగేటప్పటికీ అట్లనే ఉండేది.

పని ఒకటే అయినా, ఏ రోజు ఏదో దానికి కలగలిసిపోయేది. ఒక మంగళవారం మా మేనత్త వచ్చి కూర్చున్న సమయంలో పొడుగు చీపురు తీసుకుని బూజు దులపడం మొదలుపెట్టింది. మంగళవారం బూజు దులిపితే ఇంటికి అరిష్టమని మేనత్త లేచి నిలబడింది. అమ్మ అదే చీపురు లాక్కుని దాని వీపు మీద రెండు వేసింది. చెల్లెలు ఏడుస్తూ అడిగింది: "ఈరోజు ఏ రోజో నాకెట్ల తెలుస్తాది మా?"

న్యాయమైన ప్రశ్నే.

ఆ ఆదివారం కూర్చుని పుస్తకం చేశాను. ప్రేమతో చేశానని రాస్తే బాగుంటుంది గానీ, కాదు. నవ్వుకుందామని చేశాను, నా తెలివి చూపించుకుందామని చేశాను. అన్నీ తిక్క బొమ్మలు. సోమవారం గాడిద బట్టలు ఉతికి, చివరికి తన తోకను కూడా పిండి తీగ మీద ఆరేస్తుంది. మంగళవారం కోడి చేట ముందు కూర్చుని బియ్యం మింగి రాళ్లు జాగ్రత్తగా దాచిపెడుతుంది. బుధవారం ఎలుగుబంటి పిండి రుబ్బుతుంది, దోసెల నిండా వెంట్రుకలు. శుక్రవారం ఏనుగు గడప కడుగుతుంది. తొండంతో నీళ్లు కొడితే ఇల్లంతా కొట్టుకుపోయి గడప ఒక్కటే మిగులుతుంది. శనివారం కోతి చింతపండు తినేసి చెంబు నెత్తిన బోర్లించుకుంటుంది. ఆదివారం సాలీడు బూజు దులుపుతుంది. దులిపాక, తన ఇల్లేదని ఏడుస్తుంది.

బేస్తవారం నాడు ఏం గీయాలో తోచలేదు. పని లేదు కదా. అప్పుడు గుమ్మంలో కూర్చున్న చెల్లెలు కనబడింది. ఒక బర్రెను గీసి, గుమ్మంలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, కింద రాశాను: "బేస్తవారం నాడు బర్రె బేస్తుపోయింది."

చెల్లెలికి ఒక్కో అట్టా తిప్పి చూపించాను. కోడి దగ్గర నవ్వింది, కోతి దగ్గర పడీ పడీ నవ్వింది. బర్రె దగ్గర ఆగింది.

"ఇదెవురక్కా?"

"తెలీదా? నోరు చూడు. కూసున్న తీరు చూడు."

చాలాసేపు చూసింది. తర్వాత దాని మొహం విచ్చుకుంది. "నేను! నేనేనక్కా!" అని అట్టల పుస్తకం ఎత్తుకుని వీధంతా తిరిగింది. "ఇద్దో చూడు పెద్దమ్మా, నేను బర్రెను. బేస్తారం బర్రెను." వీధి వీధంతా నవ్వింది. తన బొమ్మ ఎవరైనా గీయడం దానికి అదే మొదటిసారి.

నాయన మాత్రం నవ్వలేదు. అట్ట చేతిలోకి తీసుకుని చూసి, "ఆ బర్రెకు కొమ్ములన్నా పెట్టకపోతివే" అన్నాడు. "ఎందుకు నాయనా?" అంటే, "నిన్ను పొడిచేదానికి" అన్నాడు.

అయినా ఆ పుస్తకం పని చేసింది. పొద్దున్నే లేచి "ఈరోజు ఏందమ్మా?" అని అడిగేది. "సోమారం" అంటే గాడిద బొమ్మ తిప్పుకుని, సబ్బు తీసుకుని బండ దగ్గరికి పోయేది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. సాయంత్రానికి పని ముగించి వచ్చి, "గాడిదకంటే నేనే బాగా ఉతికినా" అనేది. అది ఎవరితోనైనా పోటీపడి గెలిచేది ఆ జంతువులతోనే.

నాయన ఊపిరితిత్తుల నిండా పలకరాతి పొడి నింపుకుని వెళ్లిపోయాడు. ఆయన వెనక ఆరేళ్లకు అమ్మ. అప్పటికి నేను మార్కాపురంలోనే కాపురముంటూ ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తున్నాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల పంతులు. చెల్లెలు ఒక రేకుపెట్టెతో, ఈ పుస్తకంతో మా ఇంటికి వచ్చింది. మొదటి రోజు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఈరోజు ఏందక్కా?"

"శనివారం."

అట్ట తిప్పింది. "చెంబులేవి?"

ఇచ్చాను. మొదట్లో అన్నీ ఇచ్చాను. పెరట్లో బట్టల బండ ఉంది, అమ్మ రోలు తెచ్చి పెట్టాను, ఇత్తడి సామాను ఉంది. అది చేస్తున్నంతసేపూ నాతో ఏదో ఒకటి చెప్తూనే ఉండేది, నేను విననంతసేపూ కూడా.

తర్వాత ఒక్కొక్కటీ తీసేశాను. ఎవరైనా అడిగితే ప్రతిదానికీ నా దగ్గర కారణముంది. నా దగ్గర కారణం లేనిదెప్పుడు? ఇత్తడి ఎవరు తోముతారని అంతా పాతసామాన్లకు వేసి స్టీలు సామాను తీసుకున్నాను. శనివారం పోయింది. కాలేజీకి టైమవుతోందని గ్రైండర్ కొన్నాం. బుధవారం పోయింది. రాయి రప్పా లేని మిల్లు బియ్యం బస్తాలు వచ్చాయి, మంగళవారం పోయింది. ఇంటికి పుట్టీ పెట్టించి రంగులు వేయించాం. దులపడానికి పనిమనిషి కుదిరింది, ఆదివారం పోయింది. చెల్లెలు ఒకసారి ఆ కొత్త గోడ మూలకు చూపించి, "ఆడ ఉంది కదక్కా బూజు?" అంది. అమ్మ అన్నట్లే అంది. "ఏడుందే? కళ్లు కనపడట్లా? ఇంత తెల్లగుంటే" అన్నాను. నిజమే చెప్పాను. నేనెప్పుడూ నిజమే చెప్తాను, అదే నా రోగం.

వాషింగ్ మిషను వచ్చినప్పుడు పెరడంతా, వీధి గడప ముందు కూడా టైల్స్ వేయించాం. బండను పగలగొట్టి తీయాల్సి వచ్చింది. మిషనుకు ముందువైపు గుండ్రటి అద్దముంటుంది కదా, దాని ముందు పీట వేసుకుని కూర్చుని లోపల బట్టలు తిరగడం చూసింది చెల్లెలు.

"అక్కా, గాడిద లోపల ఉందా?"

నేను నవ్వాను. మరునాడు స్టాఫ్ రూములో చెప్పి అందర్నీ నవ్వించాను. దాని చేతులు సబ్బుకు పగిలి నెత్తురొస్తుంటే చూడలేక మిషను కొన్నామని కూడా చెప్పాను. "మీ చెల్లెల్ని రాణిలా చూసుకుంటారు మేడమ్" అన్నారు. అవునన్నాను.

ఇక శుక్రవారం మిగిలింది. ఆ ఒక్క రోజు కోసం అది వారమంతా కాచుకుని ఉండేది. బేస్తవారం సాయంత్రమే పసుపు గిన్నె గడప పక్కన పెట్టుకునేది. ఒక శుక్రవారం ఆ టైల్స్ మీద, ఆ నీళ్లలో, కాలు జారి పడింది. మోచెయ్యి వాచింది, విరగలేదు. మా ఆయన దానికి తడిగుడ్డ చుడుతుంటే నేనే అన్నాను. నీళ్లా ట్యాంకరు వస్తే గానీ లేవు, ఉన్న నీళ్లు గడప మీద పోసి ఇది కాలు విరగ్గొట్టుకుంటే ఎవరు చేయాలి అని. ఆ మధ్యాహ్నమే పెయింటర్‌ను పిలిచి గడపకు పసుపు ఎనామిల్ రంగు, దాని మీద ఎర్ర బొట్లు, తెల్ల ముగ్గు వేయించాను. వీధిలో అందరి గడపలూ అప్పటికే అట్లనే ఉన్నాయి.

మరుసటి శుక్రవారం చెల్లెలు పసుపు కలుపుకుని వచ్చింది. అరచేతిలో ముద్ద. వంగి చూసి, మళ్లీ లేచింది.

"ఎవురు రాసినారక్కా?"

"అది రంగే. ఇంక పోదు."

"రేపు శుక్రారానికి?"

"పోదు."

"వాన పడితే?"

"ఎన్ని వానలు పడినా పోదు. ఇంక నీకేం పని లేదు, పోయి కూసో."

పసుపు చేత్తో అట్లనే నిలబడింది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు దానికి. చివరికి తన పాదాలకే రాసుకుంది, రెండింటికీ, మడమల దాకా. తర్వాత పోయి వీధి మెట్టు మీద కూర్చుంది.

ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. పొద్దున్నే "ఈరోజు ఏందక్కా?" అని అడగడం మానేసింది. దానికి బదులు, "ఈరోజు బేస్తారమేనా అక్కా?" అనేది.

"కాదు, సోమారం."

"సోమారమైతే గాడిదేది?"

ఎవరితో ఏ వాదనలోనూ తగ్గనిదాన్ని. "పొద్దున్నే నా ప్రాణం తీయబాకు" అని తప్పించుకున్నాను. రోజూ అదే మాట, అదే ప్రశ్న. పదో రోజో, ఇరవయ్యో రోజో విసుగొచ్చి, "అవునే, బేస్తారమే, పో" అన్నాను. బర్రె బొమ్మ తిప్పుకుని, తృప్తిగా పోయి మెట్టు మీద కూర్చుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. దాంతో ప్రతిరోజూ అదే చెప్పడం మొదలుపెట్టాను.

ఏడాది తిరిగేసరికి జాకెట్టు తిరగేసి తొడుక్కోవడం, కొళాయి తిప్పి మర్చిపోవడం మొదలైంది. ఒకరోజు బాత్రూమెటో తెలియక వంటింట్లోనే నిలబడి ఏడ్చింది. మా ఆయన సెలవు పెట్టి, మమ్మల్నిద్దర్నీ ఒంగోలు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ చిన్న పిల్ల, కోస్తా మాట. చెల్లెలి చెయ్యి పట్టుకుని మెత్తగా అడిగింది.

"అమ్మా, ఈరోజు ఏ వారం?"

"బేస్తారం."

"ఊరు పేరు కాదమ్మా, వారం. ఆదివారం, సోమవారం... అలా."

"బేస్తారం" అంది చెల్లెలు, వినబడలేదేమోనని గట్టిగా.

"మీది బేస్తవారిపేటా మేడమ్?" అని నన్నడుగుతూ, కాగితం మీద ఏదో రాసుకుంది.

అంతే, నాకు తలకెక్కింది. క్లాసు బయట నిలబెట్టిన లెక్చరర్ దగ్గర్నుంచి అందరూ ఆ కుర్చీలో కనబడ్డారు. "ఊరు కాదు డాక్టర్, వారమే చెప్పింది. గురువారాన్ని మేము బేస్తవారం అంటాం. మీకు మా మాట రాకపోతే మా చెల్లెలికి మతి లేదని రాసేస్తారా? ముందు అది కొట్టేయండి" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి తాకాడు. విదిలించుకున్నాను.

ఆ పిల్లకు కోపం రాలేదు. "సారీ మేడమ్, నాకు తెలీదు" అని రాసింది కొట్టేసింది. కొట్టేసి, కలం పట్టుకునే ఉండి, మెల్లగా అడిగింది. "కానీ ఈరోజు సోమవారం కదా?"

బేస్తుపోవడమంటే ఏమిటో పిల్లలకు ఎన్నిసార్లు వివరించానో లెక్క లేదు.

"ఇంట్లో రోజంతా ఏం చేస్తుంటారు ఈవిడ?"

"ఏం చెయ్యనివ్వం. కాలు కింద పెట్టనివ్వం" అన్నాను.

"ఇదివరకు ఏమైనా చేసేవారా?"

నేను నోరు తెరిచేలోపు చెల్లెలు అందుకుంది. "సోమారం బట్టలు. మంగళారం బియ్యం. బుధారం పిండి. శుక్రారం గడప. శనారం చెంబులు. ఆదారం బూజు." ఒక్కటీ తడబడలేదు. బాత్రూమెటో మర్చిపోయిన మనిషి.

"మరి బేస్తవారం?" అంది డాక్టరమ్మ. అప్పటికే ఆ మాట నేర్చుకుంది.

"బేస్తారం ఏముండదు, కూసోడమే." తర్వాత నావైపు తిరిగి, నేనేదో మర్చిపోతే గుర్తుచేసినట్లుగా అంది: "ఇప్పుడు రోజూ బేస్తారమే కదక్కా."

ఇలాంటివాళ్లకు మెదడు తొందరగా ముసలిదవుతుందని, మందులతో కొంచెం నెమ్మదిస్తుందేమో గానీ ఆగదని చెప్పింది డాక్టరమ్మ. "పని మాన్పించడం వల్ల వచ్చిందా?" అని అడిగాను. "అలా చెప్పలేం మేడమ్. చేసుకుంటూ ఉన్నా వచ్చేదేనేమో" అంది. "వచ్చేదేమో, రాకపోయేదేమో. ఏదో ఒకటి చెప్పండి" అని నిలదీశాను. తప్పు నీదేనని ఎవరైనా అంటే వాదించి గెలవడం నాకు అలవాటే. ఆ పిల్ల అనలేదు. ఏవైనా చిన్న పనులు, అలవాటైనవి, ఇచ్చి చూడమంది.

మరునాడు మంగళవారం. కాలేజీకి సెలవు చెప్పి ఇల్లంతా వెతికాను. బండ లేదు. రోట్లో మట్టి పోసి మనీప్లాంటు పెట్టి ఉన్నాను. టర్పెంటైను తెప్పించి, గడప ముందు కూర్చుని గీకాను. కొస పెచ్చు కూడా ఊడలేదు. పోదని చెప్పింది నేనే కదా. చివరికి అటక మీద గోనెసంచిలో చుట్టి అమ్మ చేట దొరికింది.

చేటలో బియ్యం పోశాను. తెల్లగా మల్లెపూలల్లే ఉన్నాయి, ఒక్క రాయి లేదు. ఏం ఏరుతుంది?

తర్లుపాడు రోడ్డు పక్కన పలకల ఫ్యాక్టరీలు పారబోసిన ముక్కల కుప్పలు ఇప్పటికీ ఉన్నాయి. ఆటో మాట్లాడుకుని పోయి, పెసరగింజంత పలకరాతి ముక్కలు ఒక గుప్పెడు ఏరుకున్నాను. ఆటో అతను "ఏందక్కా, యాభై ఏళ్లొచ్చి అచ్చనకాయలా?" అన్నాడు. నల్లవైతే తెల్ల బియ్యంలో దానికి బాగా కనబడతాయని. ఇంటికొచ్చి కడిగి, లెక్కపెట్టి పన్నెండు, చేటలో కలిపి దాని ఒళ్లో పెట్టాను.

"ఈరోజు ఏందక్కా?"

ఎన్నాళ్లకు అడిగిందో.

"మంగళారం."

"కోడా?"

"కోడే."

అట్ట తిప్పి కోడిని చూసుకుంది. కళ్లజోడు సర్దుకుంది. ఒక గంట పట్టింది. పన్నెండు వేస్తే పదమూడు తీసింది. పదమూడోది మిల్లువాడిదే. నల్లముక్కలన్నీ అరచేతిలో పోసుకుని మా ఆయన దగ్గరికి పోయింది. "చూడు బావా, ఇన్ని రాళ్లు! ఏం దుకాణం బావా అది? నేను లేకపోతే నీ పండ్లు రాలిపోయేటివి."

"రాలిపోయేవే" అన్నాడు ఆయన. నావైపు చూశాడు. ఆ ముక్కలు ఎక్కడివో మార్కాపురంలో ఉన్నవాడికి చెప్పాలా?

మిగతా రోజులు తిరిగి రాలేదు. బట్టలు పిండబోతే చేతుల్లో పట్టు లేదు. పిండి కలపమని గరిటె ఇస్తే అదెందుకో తెలియదు. మంగళవారం ఒక్కటే వచ్చింది. ఆ ఒక్క రోజు కోసం నేను వారమంతా ఎదురుచూశాను. నెల తర్వాత పన్నెండింటికి పది తీసింది. దసరా సెలవుల నాటికి ఏడు. చేటలో ఉండిపోయినవి అది చూడకుండా నేనే తీసేసేదాన్ని. ఒకసారి తీస్తుండగా వెనక నిలబడి చూసింది. "నేను ఏరినా కదక్కా?" అంది. కోపంగా కాదు. తను ఏరిందో లేదో తనకే అనుమానమొచ్చినట్లు. ఆ రోజు నుంచి మళ్లీ ఏరడం మానేశాను. తను ఏరిన బియ్యం ఏరినట్లే. గాలించను కూడా, గాలిస్తే రాళ్లు అడుగున మిగిలి కనబడతాయి. ఒకసారి నీళ్లు పోసి వంచేసి పొయ్యి మీద పెడతాను.

మొన్న మంగళవారం బర్రె బొమ్మ పట్టుకుని వచ్చింది. కోడి బొమ్మ తిప్పి ఇచ్చాను. కోడిని గుర్తుపట్టలేదు. చేట ఒళ్లో పెడితే మాత్రం చేతులు కదిలాయి. బియ్యాన్ని ఇటునుంచి అటు తోసింది, అటునుంచి ఇటు తోసింది. వేళ్ల కిందనుంచే నల్లముక్కలు పోతున్నాయి, వస్తున్నాయి. నేను ఎదురుగా కూర్చుని ఒక్కొక్కదాన్నీ చూస్తున్నాను. "అద్దో" అని ఒక్క మాట అంటే చాలు. ఎప్పుడూ నిజం దాచనిదాన్ని, ఆ రోజు నోరు రాలేదు. ఒక గంటకు చేట నాకు అందించింది.

"అయిపోయినాయక్కా."

పన్నెండూ అందులోనే ఉన్నాయి. అట్లనే వండాను.

మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. పప్పు, గోంగూర పచ్చడి. మా ఆయన రెండో ముద్దకే ఆగాడు. దవడ కదలడం ఆగింది. ఆయనకు కింది వరసలో ఒక పన్ను ముందే కదులుతోంది. చెల్లెలు కంచంలోంచి తలెత్తి ఆయన మొహంలోకే చూస్తోంది.

"రాయి తగిలిందా బావా?"

"లేదు పాపా" అన్నాడు. నీళ్ల గ్లాసు అందుకుని, నోట్లో ఉన్నది ఉన్నట్లే మింగేశాడు. "ఒక్కటి కూడా లేదు."

అది నావైపు తిరిగింది. నా నోట్లోనూ ఉంది ఒకటి. పలకరాయి మెత్తన, కొరికితే పొడైపోతుంది. కొరికాను.

"లేదే" అన్నాను. "తిను."